ఆఫ్రికా కొండ అడవుల్లో కొత్త చిన్న క్షీరదాన్ని గుర్తించడం ఎలా: బకెట్ నుంచి పేరు దాకా

టాంజానియాలోని ఉడ్జుంగ్వా కొండల్లో న్డుండులు అని ఒక అడవి ఉంది. పదేళ్లు తిరగకుండానే ఆ అడవి నుంచి సైన్సుకు మూడు కొత్త క్షీరదాలు అందాయి. ఒకటి కాంగోసోరెక్స్ ఫిలిప్సోరమ్ అనే చిన్న చుంచు, 2005లో దానికి పేరొచ్చింది. రెండోది కిపుంజి కోతి. ఇది నైరుతి దిక్కున ఉన్న రుంగ్వే కొండ మీద కూడా కనిపించింది. దాన్నీ 2005లోనే వర్ణించారు. మూడోది బూడిదరంగు ముఖం ఉన్న సెంగీ. తొండంలా సాగిన ముక్కు, దాదాపు 700 గ్రాముల బరువు. 2005లో ఆటోమేటిక్ కెమెరాకు చిక్కింది, 2008లో పేరు పొందింది. దానికి ముందు పెద్ద సెంగీల్లో కొత్తదాన్ని వర్ణించి 126 ఏళ్లు గడిచాయి.

ఇలాంటి పని ఎలా జరుగుతుందో మొదటి నుంచి చివరి దాకా చెప్పాలన్నదే ఈ వ్యాసం. జువాలజీ చదువుతున్నవాళ్లకు, పరిశోధన వైపు వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుంది. మొదట్లోనే ఒక మాట. అడవిలో మీకు దొరికేది జంతువు. అది కొత్త జాతి అని తేలేది చాలాసార్లు ఏళ్ల తర్వాత, మ్యూజియంలో పాత పుర్రెల పక్కన మీ పుర్రెను పెట్టి చూసినప్పుడు. కాబట్టి అడవిలో చేసే ప్రతి పనీ ఆ రోజును దృష్టిలో పెట్టుకుని చేయాలి. చీటీ మీద ఒక్క వివరం రాయకపోయినా తర్వాత దాన్ని నింపే దారి ఉండదు.

ముందు కొండను ఎంచుకోండి

చిన్న క్షీరదాలంటే ఇక్కడ ముఖ్యంగా చుంచులు, ఎలుకలు, గబ్బిలాలు, సెంగీలు, నేల కింద బొరియలు చేసుకునే గోల్డెన్ మోల్స్. వీటిలో చాలావాటికి కొండ అడవే లోకం. తడిగా, చల్లగా ఉండే అడవి నుంచి దిగి, ఎండిన గడ్డిమైదానం దాటి, ఇంకో కొండ ఎక్కడం పది గ్రాముల చుంచుకు అయ్యే పని కాదు. అందుకే ఒక కొండ మీది గుంపు, పక్క కొండ మీది గుంపు లక్షల ఏళ్లు విడివిడిగా ఉండిపోయి, వేరువేరు జాతులైపోతాయి.

దీనికి ఈస్టర్న్ ఆర్క్ కంటే మంచి చోటు దొరకదు. కెన్యాలోని టైటా కొండల దగ్గర మొదలై పారే, ఉసాంబరా, న్గురు, ఉలుగురు మీదుగా దక్షిణ టాంజానియాలోని ఉడ్జుంగ్వా దాకా 13 కొండల ముక్కలు. రాయి చాలా పాతది. హిందూ మహాసముద్రం నుంచి వచ్చే తేమ వల్ల అక్కడి అడవి బయటి వాతావరణం మారినా నిలబడగలిగింది. పక్కనే ఉన్న కిలిమంజారో అగ్నిపర్వతం, వయసులో వీటి ముందు చిన్నపిల్ల. ఇవి కాక కాంగో, రువాండా, బురుండి, ఉగాండాల మీదుగా సాగే ఆల్బర్టైన్ రిఫ్ట్, ఇథియోపియా ఎత్తైన భూములు, కామెరూన్‌లోని ఓకు కొండ, ఉత్తర మొజాంబిక్‌లోని ఒంటరి కొండలు కూడా ఈ పనికి పేరున్న చోట్లే.

ఏ కొండ మీద ఏం మిగిలి ఉందో తెలుసుకోవడానికి ఇంట్లో కూర్చుని ఒక పట్టిక గీయండి. కొండ పేరు, ఏ ఏడాది సర్వే జరిగింది, ఏ ఎత్తుల్లో, ఏ రకం బోన్లతో. ఈ చివరి గడినే చాలామంది వదిలేస్తారు, అసలు సంగతి ఉన్నది అక్కడే. ఒక కొండ మీద ఎలుకబోన్లే వాడారంటే అక్కడి చుంచుల జాబితా సగమే అని అర్థం. చుంచులు పురుగులు తినే జంతువులు, ఎర మీద వాటికి పెద్దగా ఆశ ఉండదు. అలాగే సర్వే అంతా కొండ కింది భాగంలోనే జరిగితే పై భాగాన్ని ఇంకా ఎవరూ చూడనట్టే లెక్క. జీబీఐఎఫ్ అనే ఉచిత డేటాబేస్‌లో మ్యూజియం నమూనాల వివరాలు దొరుకుతాయి, పట్టికకు అదే ఆధారం.

శాటిలైట్ చిత్రాలు కూడా చూడండి. మొజాంబిక్‌లోని మాబూ కొండ మీద అంత పెద్ద అడవి ఉందన్న సంగతి జూలియన్ బేలిస్ 2005లో గూగుల్ ఎర్త్ చూస్తూ గుర్తించారు. స్థానికులకు అది ఎప్పుడూ తెలిసిన అడవే, శాస్త్రవేత్తల జాబితాల్లోనే లేదు. 2012లో ఆ కొండ పేరుతోనే రైనోలోఫస్ మాబుయెన్సిస్ అనే గుర్రపునాడా గబ్బిలం వెలుగులోకి వచ్చింది.

అనుమతులు, తోటివాళ్లు

దీనికి నెలలు పడుతుంది, ముందే మొదలుపెట్టండి. టాంజానియాలో అయితే పరిశోధన అనుమతికి ఆ దేశపు సైన్స్, టెక్నాలజీ కమిషన్ కాస్టెక్‌కు, వన్యప్రాణులకు సంబంధించి తవిరి సంస్థకు దరఖాస్తు చేయాలి. నేషనల్ పార్క్ అయితే పార్కుల సంస్థ, రిజర్వ్ అడవి అయితే అటవీ శాఖ అనుమతి అదనం. జిల్లా ఆఫీసు, ఊరి పెద్ద దగ్గర కూడా కాగితాలు చూపించాలి. నమూనాలు దేశం దాటాలంటే ఎగుమతి అనుమతి వేరు, అవి వెళ్లే దేశపు దిగుమతి అనుమతి వేరు. 2014 నుంచి అమల్లో ఉన్న నగోయా ప్రోటోకాల్ ప్రకారం జన్యు వనరుల వాడకంపై ముందస్తు ఒప్పందం కూడా ఉండాలి. డీఎన్‌ఏ పని చేస్తామన్న సంగతి ఆ ఒప్పందంలో స్పష్టంగా రాయించుకోండి. తర్వాత అడిగితే ఇబ్బంది.

కాగితాల కంటే ముఖ్యమైనది స్థానిక శాస్త్రవేత్తలతో కలిసి పనిచేయడం. మొరొగోరోలోని సోకోయినే వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఎలుకల మీద దశాబ్దాలుగా పరిశోధన నడుస్తోంది. పాతిపెట్టిన మందుపాతరల్ని వాసనతో పసిగట్టేలా పెద్ద ఎలుకలకు శిక్షణ ఇచ్చే అపోపో సంస్థ కూడా అక్కడిదే. ఇలాంటి చోట ఉన్నవాళ్లను పర్మిట్ కోసం పేరుకు జతచేసుకోవడం నాకు అస్సలు నచ్చని పని. ప్రణాళిక దగ్గర నుంచి పేపర్ దాకా వాళ్లు ఉండాలి, కొన్ని నమూనాలు ఆ దేశంలోనే ఉండాలి.

ఊళ్లో వేటగాళ్లతో, తేనె పట్టేవాళ్లతో కూర్చుని మాట్లాడండి. కిపుంజి కోతి సంగతి మొదట చెప్పింది రుంగ్వే కొండ చుట్టూ ఉండే న్యాక్యూసా వేటగాళ్లే. ఆ పేరూ వాళ్లదే. 'ఈ అడవిలో ఎలుకలు ఎన్ని రకాలు? ఏది ఎక్కడ ఉంటుంది?' అని అడిగితే చాలు. బొమ్మలు చూపించి 'ఇది ఉందా?' అని అడిగితే మర్యాదకైనా ఉందంటారు, ఆ జవాబు పనికిరాదు.

క్యాంపులు, ఎత్తులు

కొండను ఒకే చోట చూడకూడదు. చికాగో ఫీల్డ్ మ్యూజియంలో పనిచేసిన విలియం స్టాన్లీ ఈస్టర్న్ ఆర్క్ కొండలన్నీ ఏళ్ల తరబడి తిరిగారు. 2002లో ఆయన బృందం కిలిమంజారో ఆగ్నేయ వాలు మీద సుమారు 2,000 మీటర్ల నుంచి 4,000 మీటర్ల దాకా అయిదు ఎత్తుల్లో, దాదాపు 500 మీటర్లకొక క్యాంపు చొప్పున పనిచేసింది. ప్రతి చోటా అవే బోన్లు, అదే పద్ధతి. అందుకే ఏ జంతువు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతోందో చెప్పగలిగారు. ఆ పద్ధతినే ఇక్కడ వివరంగా చెబుతాను, ఎందుకంటే మీరూ అదే వాడితే మీ లెక్కల్ని వాళ్ల లెక్కలతో పోల్చవచ్చు.

కాలం సంగతి: మార్చి నుంచి మే దాకా మాసికా అనే పెద్ద వానలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వూలి అనే చిన్న వానలు. పెద్ద వానల్లో దారులు బురదైపోయి సామాను చేర్చడం కష్టం. అందుకే ఎక్కువ సర్వేలు జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జరుగుతాయి. అయితే వాన పడిన రాత్రి బకెట్లలో చుంచులు ఎక్కువ పడతాయి. కాబట్టి రోజూ వాన కొలవండి, కనీస, గరిష్ఠ ఉష్ణోగ్రతలు రాయండి.

బకెట్ల వరుస

కొత్త చుంచులు ఎక్కువగా దొరికేది ఇందులోనే. ఒక వరుసకు 15 లీటర్ల ప్లాస్టిక్ బకెట్లు 11. అయిదు మీటర్లకొకటి చొప్పున, అంచు నేలకు సరిగ్గా సమంగా వచ్చేలా పాతిపెట్టాలి. అంచు వేలెడు పైకి ఉన్నా చుంచు పక్కనుంచి తిరిగిపోతుంది. బకెట్ అడుగున చిన్న చిన్న రంధ్రాలు చేయాలి, లేకపోతే వాననీళ్లు నిండి పడిన జంతువు మునిగిపోతుంది. బకెట్ల మధ్య గీత మీదుగా, ప్రతి బకెట్ నోటి మీదుగా వెళ్లేలా అర మీటరు ఎత్తు ప్లాస్టిక్ పట్టా కంచెలా నిలబెట్టాలి. దాన్ని కర్రలకు కొట్టి, కింది అంచును మట్టితో, ఆకులతో కప్పేయాలి. ఎరేమీ అక్కర్లేదు. రాత్రి నేల మీద తిరిగే జంతువుకు కంచె అడ్డొస్తుంది, దాని వెంటే నడుస్తుంది, బకెట్లో పడుతుంది.

గుంతలు తవ్వేటప్పుడు కొండ వేర్లు, రాళ్లు అడ్డొచ్చి చేతులు పడిపోతాయి. అలాగని మెత్తటి చోటు వెతుక్కుని వరుసను అటు తిప్పకండి. వాగు పక్కన ఒకటి, వాలు మీద ఒకటి, శిఖరపు గట్టు మీద ఒకటి, ఇలా నేల మారే చోట్లలో వరుసలు వేయాలి. తవ్విన మట్టిని దూరంగా పోయండి, కంచె పక్కన కుప్పలుంటే జంతువు దారి మారుతుంది.

తెల్లవారగానే ఒకసారి, సాయంత్రం ఒకసారి బకెట్లు చూడాలి. చుంచు శరీరం చాలా వేగంగా శక్తిని ఖర్చు చేస్తుంది, కొన్ని గంటలు తిండి లేకపోతే బతకదు. తడి రాత్రుల్లో మధ్యలో ఇంకోసారి వెళ్తే బతికున్నవాటిని కాపాడవచ్చు. కప్పలు, బల్లులు, మీకు అక్కర్లేని ఎలుకలు పడితే వెంటనే వదిలేయండి. ప్రతిసారీ ఏ వరుస, ఎన్నో బకెట్ అన్నది రాయాలి.

లెక్క ఇలా: మూడు వరుసలంటే 33 బకెట్లు, పది రాత్రులకు 330 బకెట్-రాత్రులు. పడిన జంతువుల సంఖ్యను దీనితో భాగించి వందతో గుణిస్తే మీ శాతం వస్తుంది. ఈ సంఖ్య లేని సర్వేను ఇంకో కొండతో పోల్చలేం. రోజురోజుకూ కొత్తగా చేరే జాతుల్ని గ్రాఫ్ గీస్తూ ఉండండి. గీత చదునైతే ఆ చోటు దాదాపు అయిపోయినట్టు. ఇంకా ఎక్కుతూ ఉంటే క్యాంపు ఎత్తకండి.

బోన్లు, ఎర, ఇంకొన్ని దారులు

ఎలుకలకు మడతపడే అల్యూమినియం షెర్మన్ బోన్లు, స్ప్రింగ్ ఎలుకబోన్లు కలిపి వాడతారు. స్టాన్లీ బృందం వాడిన ఎర వినడానికే బాగుంటుంది: పచ్చికొబ్బరి ముక్కల్ని అప్పటికప్పుడు వేయించి, పైన పల్లీల వెన్న పట్టించడం. వేయించిన కొబ్బరి గట్టిగా ఉంటుంది కాబట్టి చీమలు ఒక్కసారిగా లాక్కుపోలేవు, వాసన దూరం పోతుంది. బోన్లను ఊరికే నేల మీద వరుసగా పెట్టకుండా పడిపోయిన దుంగల వెంట, వేర్ల కింద, రాళ్ల సందుల్లో, తీగల మీద రెండు మీటర్ల ఎత్తులో కూడా కట్టాలి. హైలోమిస్కస్ లాంటి ఎలుకలు చెట్లెక్కేవి. ఈస్టర్న్ ఆర్క్‌లోని హైలోమిస్కస్ ఆర్కిమాంటెన్సిస్‌ను మైకేల్ కార్లటన్, స్టాన్లీ కలిసి 2005లో వర్ణించారు.

ఆటోమేటిక్ కెమెరా పెద్ద జంతువులకు బాగుంటుంది. సెంగీ విషయంలో కథంతా దానితోనే మొదలైంది: ఫ్రాంచెస్కో రోవెరో పెట్టిన కెమెరాల్లో ఎవరూ పోల్చుకోలేని బొమ్మలు పడ్డాయి. 2006లో సెంగీల నిపుణుడు గేలన్ రాత్‌బన్‌తో కలిసి వెళ్లి జంతువుల్ని పట్టాకే వర్ణన సాధ్యమైంది. చుంచుకు మాత్రం కెమెరా పనికిరాదు. బొమ్మలో చుంచులన్నీ ఒకటే.

గబ్బిలాలకు వాగుల మీద, దారుల మీద సన్నటి వలలు, దానితో పాటు అరుపుల్ని రికార్డు చేసే యంత్రం కావాలి. గుర్రపునాడా గబ్బిలాల్లో అరుపు పౌనఃపున్యం జాతిని బట్టి మారుతుంది. మాబూ గబ్బిలాన్ని విడదీయడంలో పుర్రె, డీఎన్‌ఏతో పాటు ఇదీ ఒక సాక్ష్యం.

చేతిలోకి తీసుకునే ముందు

అడవి ఎలుకలంటే జబ్బుల భయం నిజమైనదే. టాంజానియాలోని పశ్చిమ ఉసాంబరాలో 1980 నుంచి ఏళ్ల తరబడి ప్లేగు వచ్చిపోతూ ఉండేది. పశ్చిమ ఆఫ్రికాలో లస్సా జ్వరం మాస్టోమిస్ ఎలుకల నుంచి వస్తుంది. గినియా అడవిలో హైలోమిస్కస్ ఎలుకలో హాంటావైరస్ దొరికింది. గ్లౌజులు, బిగువుగా కూర్చునే మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. గాలి ఆడేచోట, భోజనాల దగ్గర్నుంచి దూరంగా పనిబల్ల వేసుకోండి. జంతువు ఒంటి మీది పురుగులు, పేలు, గోమార్లు వేరే సీసాలో ఆల్కహాల్‌లో వేస్తే అవి కూడా నమూనాలే. క్యాంపులో ఎవరికైనా జ్వరం వస్తే డాక్టరుకు 'ఎలుకల పని చేస్తున్నాం' అని ముందే చెప్పండి.

ఎన్ని జంతువుల్ని చంపాలన్నది మనసుకు బరువైన ప్రశ్న, బరువుగానే ఉండాలి. ఫోటో, చిన్న చెవిముక్క తీసుకుని వదిలేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. చుంచుల్లో సరిపోదు. జాతిని తేల్చేవి పళ్లు, పుర్రె. కిపుంజి చరిత్ర చూడండి: 2005లో దాన్ని ఫోటోల ఆధారంగా అప్పటికే తెలిసిన ఒక ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) చేర్చారు. ఒక రైతు బోనులో చనిపోయిన కోతి దొరికాక, 2006లో దాని డీఎన్‌ఏ, పుర్రె చూశాకే అది పూర్తిగా కొత్త ప్రజాతి అని తేలింది. కాబట్టి నమూనాలు కావాలి, అయితే అనుమతి పత్రంలో ఉన్న సంఖ్యకు లోబడి, పోల్చడానికి అవసరమైనన్ని మాత్రమే. బతికున్న జంతువును ఐసోఫ్లురేన్ లాంటి మత్తుమందుతో నొప్పి లేకుండా, త్వరగా చంపాలి. కడుపుతో ఉన్నవాటిని, తెలిసిన జాతుల్లో సరిపడా తీసుకున్నాక దొరికినవాటిని వదిలేయాలి.

కొలతలు, చీటీ, నమూనా

ఒళ్లు బిగుసుకోకముందే కొలవాలి. మొత్తం పొడవు, తోక, వెనక పాదం, చెవి, బరువు, ఈ అయిదూ ఎప్పుడూ ఇదే వరుసలో రాయండి. తోకను వెన్నుకు నిటారుగా పైకెత్తి, మొదలు దగ్గర స్కేలు ఆనించి కొలుస్తారు. చెవిని కింది గంటు నుంచి కొస దాకా. పాదం దగ్గరే పేచీ: అమెరికా పద్ధతిలో గోరుతో కలిపి కొలుస్తారు, యూరప్‌లో చాలామంది గోరు వదిలేసి కొలుస్తారు. మీరు ఏది చేశారో రాయకపోతే 14 మిల్లీమీటర్ల పాదానికి ఒక మిల్లీమీటరు తేడా వచ్చి, ఎవరో ఒకరు దాన్ని జాతుల మధ్య తేడా అనుకుంటారు. బృందంలో ఒకరే కొలిస్తే ఇంకా మంచిది.

ఆడా, మగా, పాలిస్తోందా, వృషణాల కొలత ఎంత అన్నవి తర్వాత. తోక మీద పొట్టి వెంట్రుకల మధ్య పొడవాటి కేశాలు ఉన్నాయా, ఉంటే తోకలో ఎంత భాగం దాకా ఉన్నాయి అన్నది చుంచుల్లో తప్పకుండా చూడాలి. ఎండిన చర్మంలో అది చెదిరిపోతుంది. బతికుండగా ఉన్న రంగు ఫోటో తీయండి, పక్కన రంగుల కార్డు పెట్టి.

ముందు కణజాలం, తర్వాతే ఫార్మలిన్. ఫార్మలిన్ డీఎన్‌ఏను పాడుచేస్తుంది కాబట్టి కాలేయం, కండ ముక్కలు తీసి 95 శాతం ఇథనాల్‌లో వేయాలి, లేదా ద్రవ నత్రజనిలో. ప్రతి సీసాలోనూ లోపల ఒక చీటీ, బయట ఒక చీటీ, రెండింటి మీదా అదే ఫీల్డ్ నంబరు. పెన్సిలుతో రాయండి, లేదా ఆల్కహాల్‌లో కరగని సిరాతో. బాల్‌పెన్ రాత ఇథనాల్ తగిలితే అలికేస్తుంది. ఆ తర్వాత కొన్నిటిని చర్మం, పుర్రె, ఎముకలుగా, కొన్నిటిని పూర్తిగా ఫార్మలిన్‌లో ఉంచి, తర్వాత 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చాలి. మ్యూజియం చేరాక పుర్రెల మీది మాంసాన్ని డెర్మెస్టిడ్ అనే చిన్న పురుగులు తిని శుభ్రం చేస్తాయి. చుంచు పుర్రెలో ఎముకలు కాగితంలా ఉంటాయి, కత్తితో ఆ పని చేయలేం.

చీటీ మీద ఉండాల్సినవి: దేశం, జిల్లా, కొండ, అడవి పేరు, అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, తేదీ, బోను రకం, వరుస సంఖ్య, పట్టినవారి పేరు. ఇథియోపియాలో 1927లో నీలి నైలు నది పుట్టుక ప్రాంతంలో ఒక నీటి ఎలుక దొరికింది, నైలోపెగమిస్ ప్లంబియస్ అని దాని పేరు. లోకంలో దానికున్నది ఆ ఒక్క నమూనానే. 2020లో దాని బంధువైన కోలోమిస్ ప్రజాతిని మళ్లీ పరిశీలించినప్పుడు ఆ పాత నమూనా నుంచే డీఎన్‌ఏ తీసి చూడగలిగారు. ఆనాడు దాని వివరాల్ని శ్రద్ధగా రాసిపెట్టినవాళ్లు డీఎన్‌ఏ అన్న మాటే విని ఉండరు.

మ్యూజియం సొరుగుల ముందు

ఇక అసలు పని. మీ చుంచు తెలిసిన ఏ జాతీ కాదని చూపించాలంటే, తెలిసిన జాతుల అసలు నమూనాలు చూడాలి. అవి లండన్, బెర్లిన్, బాన్, చికాగో, బ్రస్సెల్స్ పక్కనున్న టెర్వురెన్ మ్యూజియాల్లో ఉన్నాయి. టాంజానియా ఒకప్పుడు జర్మన్ల ఏలుబడిలో ఉండేది కాబట్టి చాలా పాతవి బెర్లిన్‌లో దొరుకుతాయి. ఆఫ్రికా జంతువుల ఆధారాలు యూరప్ సొరుగుల్లో ఉండటం అక్కడి విద్యార్థులకు పెద్ద అడ్డంకి. మ్యూజియాలు పుర్రెల త్రీడీ స్కాన్లను ఉచితంగా పెట్టడం వల్ల ఈ మధ్య అది కొంత తగ్గింది, ముందు అవి చూడండి.

మొదట ప్రజాతి తేల్చాలి. పుర్రెను భూతద్దం కింద పక్కకు తిప్పి పై దవడ చూడండి. ముందు కొక్కెంలా వంగిన పెద్ద పన్ను. దాని వెనక ఒంటి మొన ఉన్న చిన్న పళ్లు, ఆ తర్వాత వెడల్పాటి పెద్ద పళ్లు మొదలవుతాయి. ఆ చిన్న పళ్లు మూడైతే చాలావరకు క్రోసిడూరా. నాలుగైతే సిల్విసోరెక్స్, సుంకస్ లాంటివి. నాలుగోది ఎంత చిన్నదంటే రెండు పళ్ల మధ్య ఇరుక్కుని, పుర్రెను వెలుతురుకు అడ్డంగా తిప్పితే గానీ కనిపించకపోవచ్చు. మన ఇళ్లలో గోడవారగా కిచకిచమంటూ పరిగెత్తే, ఘాటు వాసన కొట్టే చుంచు సుంకస్ మ్యూరినస్, దానికి నాలుగు. అది ఓడలెక్కి తూర్పు ఆఫ్రికా రేవుల దాకా చేరింది. కాబట్టి తీరపు ఊళ్లలో దొరికిన పెద్ద చుంచును చూసి తొందరపడొద్దు.

పిల్లల్ని, పెద్దల్ని కలిపి కొలిస్తే లేని తేడాలు కనిపిస్తాయి. పళ్లన్నీ పూర్తిగా వచ్చాయా, పుర్రె అడుగున ఎముకల అతుకు మూసుకుపోయిందా చూసి, పెద్దవాటినే లెక్కలోకి తీసుకోండి. తర్వాత పుర్రె పొడవు, వెడల్పు, దవడ ఎత్తు, పళ్ల వరుస పొడవు లాంటి కొలతలు డిజిటల్ కాలిపర్‌తో తీసి, అన్నిటినీ కలిపి గణాంక విశ్లేషణ చేస్తారు. ఒక్క కొలతలో తేడా ఉందని కొత్త జాతి అనకూడదు.

ఈ ఓపిక ఎంత ఫలితమిస్తుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 1910లో ఓల్డ్‌ఫీల్డ్ థామస్ కిలిమంజారో నుంచి క్రోసిడూరా మోనాక్స్ అనే ముదురు రంగు చుంచును వర్ణించారు. తర్వాత టాంజానియా కొండల్లో అలాంటి చుంచు ఎక్కడ దొరికినా చాలాకాలం అదే పేరు రాసేశారు. 1980లో ఉసాంబరాది, 1986లో ఇంకో రెండు విడిపోయాయి. స్టాన్లీ, రైనర్ హుటరర్ బృందం కొండలన్నిటి నమూనాల్నీ పక్కపక్కన పెట్టి, డీఎన్‌ఏతో కలిపి చూసి 2015లో ఇంకో మూడు కొత్త జాతుల్ని ప్రకటించింది. అందులో ఒకటి మేరు కొండది, ఒకటి న్గొరొంగోరోది. పాత నమూనాల్ని పక్కన పెట్టి చూడకపోతే ఇవి తేలేవి కావు. కొత్త జాతి కోసం కొండెక్కే ముందు పాత సొరుగులు వెతకమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

డీఎన్‌ఏ ఎంతవరకు?

ముందు మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్-బి జన్యువు చదువుతారు. క్షీరదాల్లో అది దాదాపు 1,140 అక్షరాల పొడవు, పోల్చడానికి వేలాది పాత వరుసలు జెన్‌బ్యాంక్ అనే ఉచిత డేటాబేస్‌లో ఉన్నాయి. అక్కడితో ఆగిపోకూడదు. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది, ఒకప్పటి సంకరం వల్ల ఒక జాతిది ఇంకో జాతిలోకి చేరి ఉండొచ్చు. కేంద్రకంలోకి చేరిన దాని నకళ్లు కూడా మోసం చేస్తాయి. అందుకే కేంద్రక జన్యువులు కొన్నైనా చదవాలి. ఇంత శాతం తేడా ఉంటే కొత్త జాతే అనే గీత ఎక్కడా లేదు. పుర్రె, డీఎన్‌ఏ, నివాసం మూడూ ఒకే మాట చెబితే నిశ్చింతగా రాయొచ్చు. ఒకటి ఔనని ఇంకొకటి కాదంటే ఇంకా నమూనాలు కావాలని అర్థం.

పేరు పెట్టి ప్రచురించడం

అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి ప్రకారం ఇది కొత్త జాతి అని స్పష్టంగా రాయాలి. తేడాలేమిటో వివరించాలి. ఒకే ఒక్క నమూనాను హోలోటైప్‌గా, అంటే ఆ పేరుకు ప్రామాణిక నమూనాగా ప్రకటించి, అది ఏ మ్యూజియంలో ఉందో చెప్పాలి. మిగతావి పారాటైప్‌లు. ఆన్‌లైన్ పత్రికలో మాత్రమే వస్తుంటే ముందుగా జంతువుల పేర్ల అధికారిక పట్టిక జూబ్యాంక్‌లో నమోదు చేయాలి, లేకపోతే పేరు చెల్లదు. అంతకంటే ముందు, మర్చిపోయిన పాత పేరేదైనా మీ జంతువుకే ఉందా అని వెతకండి. ఉంటే ఆ పేరే నిలబడుతుంది.

పేరు చివర ఒక మగ వ్యక్తి అయితే 'ఐ', స్త్రీ అయితే 'ఏ', చాలామందైతే 'ఓరమ్', చోటు పేరైతే 'ఎన్సిస్'. ఫిలిప్సోరమ్ అంటే ఫిలిప్స్ కుటుంబం అందరి పేరుమీదా. అడవిలో బకెట్లు పాతినవాళ్ల పేర్లు పెట్టడం నాకు బాగా నచ్చిన ఆచారం. ఉడ్జుంగ్వా నుంచి 2000లో వర్ణించిన మయోసోరెక్స్ కిహౌలీకి టాంజానియా సహచరుడు ఫిలిప్ కిహౌలే పేరు పెట్టారు. స్టాన్లీ 2015లో ఇథియోపియాలో ఫీల్డ్ పనిలో ఉండగానే చనిపోయారు. ఇథియోపియా కొండల్లో దొరికిన సుమారు మూడు గ్రాముల చుంచుకు 2025లో ఆయన పేరుమీద క్రోసిడూరా స్టాన్లేయీ అని పెట్టారు.

పేపర్ వచ్చాక మిగిలే పనుల్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. డీఎన్‌ఏ వరుసలు జెన్‌బ్యాంక్‌లో, పుర్రె స్కాన్లు అందరికీ అందేచోట పెట్టండి. పారాటైప్‌లలో కొన్ని ఆ దేశపు సంస్థకు అప్పగించండి. అటవీ శాఖకు, మీకు దారి చూపిన ఊరికి స్వాహిలీలో రెండు పేజీలు, ఫోటోతో పంపండి. జాతి ఎంత విస్తీర్ణంలో ఉంది, అడవి ఏ వైపు నుంచి తరిగిపోతోంది అన్న వివరాలు ఏ జాతికి ఎంత ముప్పు ఉందో చెప్పే ఐయూసీఎన్ రెడ్ లిస్ట్ నిపుణులకు చేరవేయండి. బూడిదరంగు సెంగీకి ఉన్నది ఉడ్జుంగ్వాలోని రెండు అడవులే, మొత్తం కలిపి సుమారు 300 చదరపు కిలోమీటర్లు. ఆ లెక్క లేకుండా దాని పరిస్థితి ఎవరూ అంచనా వేయలేరు. చివరగా ఫీల్డ్ నోట్‌బుక్ స్కాన్ తీసి, నమూనాల నంబర్లతో సహా మ్యూజియం ఆర్కైవ్‌కు ఇవ్వండి. ఏ వరుస ఎక్కడ మొదలైందో, ఏ రాత్రి ఎంత వాన పడిందో అందులో ఉంటే, ఇరవై ఏళ్ల తర్వాత వచ్చేవాళ్లు అదే చోట అవే 11 బకెట్లు పాతి ఏం మారిందో చూడగలుగుతారు.